గడ్డిపరక కూడా మొలవని నేల

జూన్ నెల పదో తేదీ, ఉదయం పదకొండు గంటలు. కాలనీ సంఘం గదిలో హాజరైనవారు నలుగురు: సంఘాధ్యక్షుడైన టైలరు, కార్యదర్శి మాస్టారు, మాస్టారి వదినగారు, పర్యావరణ నిధి నుంచి తనిఖీకి వచ్చిన అధికారిణి. సమావేశాల పుస్తకంలో ఈ వాక్యాలను మాస్టారే తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. రాసి, ఇక తలెత్తలేకపోయారు.

కాలేజీలో పాఠాలు చెప్పడం మానుకున్నాక మాస్టారు గది దాటింది తక్కువ. అన్నగారు పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయనా, వదినగారూ. ఇల్లు నడిపేది ఆవిడే. అటువంటి మనిషి దగ్గరికి చలికాలంలో టైలరు వచ్చి, మురుగుకాలువ గట్టున చెట్లు పెంచడానికి గ్రాంటు ఇస్తున్నారనీ, దరఖాస్తు రాసిపెట్టాలనీ కాళ్లావేళ్లా పడ్డాడు. ఏటేటా ఎండలు ముదురుతున్నాయి. గట్టు పక్కన రేకుల ఇళ్లలో పసిపిల్లలు మధ్యాహ్నాలు సొమ్మసిల్లుతున్నారు. కాదనడానికి మాస్టారికి నోరు రాలేదు.

పూర్తిగా బీడుపడిన స్థలానికే సాయమని నిబంధన. మాస్టారు పటం ముందేసుకుని, కుర్చీలోంచి కదలకుండా, ఒక్కో మాటనూ చెక్కి చెక్కి రాశారు. ‘గడ్డిపరక కూడా మొలవని ఆ నేల’ అన్నచోట కలం ఆపి, తనలో తాను మురిసిపోయారు కూడా.

గ్రాంటు ఖాయమైందనీ, తనిఖీ ఒక్కటే మిగిలిందనీ కబురు వచ్చాక టైలరు గట్టు పొడవునా నడిచి చూశాడు. మాస్టారి పెరటి గోడ అవతల, ఎవరూ తొక్కని ఆ చివర, దానిమ్మ చెట్లు విరగకాసి ఉన్నాయి. పక్కన అత్తి, మందార, గోడంతా పాకిన మల్లె. అన్నగారు చనిపోయిన ఏడాది నుంచి వదినగారు రోజూ సాయంత్రం అంట్లు కడిగిన నీళ్లు బకెట్టుతో మోసి పెంచుకున్న తోట అది. తన బల్లమీదికి గిన్నెలో వలిచి వచ్చే దానిమ్మ గింజలు ఎక్కడివని మాస్టారు ఏనాడూ అడగలేదు. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే తినేవారు.

టైలరు బుర్ర గోక్కున్నాడు. "మీరు రాసింది ఇప్పుడు మార్చామంటే గ్రాంటు గోవిందా. నేలనే కాస్త సర్దుదాం మాస్టారూ. ఆ చెట్లను మీరు చూడనే లేదనుకోండి."

"చూడనే లేదుగా," అన్నారు మాస్టారు.

చెట్లు కొట్టే సంగతి వదినగారికి తానే చెబుతానని మాట ఇచ్చారు. భోజనం దగ్గర చెబుదామనుకున్నారు, రేపు చెబుదామనుకున్నారు. ఈలోగా కూలీలు వచ్చేశారు. గొడ్డలి చప్పుడు వినబడితే మాస్టారు కిటికీ మూశారు. ఆ సాయంత్రం వదినగారు అలవాటు కొద్దీ బకెట్టు ఎత్తుకుని వెళ్లి, నిండు బకెట్టుతోనే తిరిగివచ్చి, నీళ్లు తూములో పారబోశారు. మరిదికి ఎప్పటిలాగే వడ్డించారు.

ఇప్పుడు అధికారిణి గట్టు మీద మట్టిని వేళ్లతో నలిపి చూసి వచ్చింది. బీడు నేల ఇంత నల్లగా, గుల్లగా ఉంటుందా అని అడిగింది. అంతా కాలువ మహిమ అంటూ టైలరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. స్థలానికి అందరికన్నా దగ్గరగా ఉండేవారి మాట కావాలంటూ, అందుకే పిలిపించిన వదినగారివైపు తిరిగింది.

"ఇక్కడ ఎప్పుడైనా ఏమైనా మొలిచేదా అమ్మా?"

వదిన ఉన్నది ఉన్నట్టు చెబితే రేకుల ఇళ్లకు నీడ పోతుంది. చెప్పకపోతే, ఆ తోట అసలు లేనే లేదని ఆవిడ తన నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. ఈ ముడి వేసింది తను, విప్పవలసింది తను. మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు.

"వదినా..." అన్నారు ఎలాగో.

ఆవిడ ఆయనవైపు చూడలేదు. "మా మరిది పెద్ద చదువులు చదివినవాడమ్మా," అన్నారు అధికారిణితో. "కళ్లారా చూడకుండా రాస్తాడా?"

అధికారిణి ఒక క్షణం కాయలు కాసిన ఆవిడ చేతులవైపు చూసి, నేల బీడేనని రాసిన కాగితం ముందుకు జరిపింది. వదినగారు నింపాదిగా సంతకం పెట్టారు.

టైలరుకు ప్రాణం లేచివచ్చింది. మొక్కలు రాగానే నీళ్లు పోసే పని పిన్నిగారిదేననీ, దానికి జీతం కూడా ఉంటుందనీ ఆవిడతో సంబరంగా చెప్పాడు.

"నాకు ఆ అలవాటు తప్పిపోయింది నాయనా," అన్నారు వదినగారు లేచి నిలబడుతూ. "మాస్టార్ని పొయ్యమను. బకెట్టు తూము దగ్గరే ఉంది."

ఆవిడ వెళ్లిపోయారు. ఆ కాగితం నకళ్లలో సంఘానికి ఇచ్చేదాని మీద, ఆవిడ పేరు కింద, కార్యదర్శి సంతకం మిగిలి ఉంది. ఇప్పుడైనా నిజం చెప్పవచ్చు. అధికారిణి ఇంకా ఎదురుగానే ఉంది, సంచీ సర్దుకుంటోంది. మాస్టారు కలం తీసి సంతకం పెట్టారు. ముత్యాల్లాంటి అక్షరాలు వంకర్లు పోయాయి. సిరా ఆరేదాకా కూడా చూడకుండా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకున్నారు.