పడుకోవడం వేరు

“ఈసారి నిద్రపోయారు!” అంటూ డాక్టరమ్మ కంప్యూటర్ తెరను ఇటు తిప్పింది. మొదటి పరీక్షలో నేలకు అతుక్కుపోయిన హార్మోన్ గీత, ఈసారి రాత్రి తొలి భాగంలోనే నిట్టనిలువుగా లేచింది. కొత్త కోడలికి కూర్చోబుద్ధి కాలేదు. పక్కనున్న ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఊపేసింది.

ఆడపడుచు కుట్టుపనిలో దిట్ట. డిప్రెషన్ పట్టుకున్నాక, తమ్ముడి కొత్త కాపురానికని కుట్టిన కర్టెన్లు జానెడు పొట్టివయ్యాయి. “ఇది బద్ధకమే. నాకిక పని చేతకాదు” అని తేల్చుకుని మెషిన్ మీద గుడ్డ కప్పేసింది. కొత్త జంట కిటికీకి పూల దుప్పటే గతయింది. ఎండ పడితే గదంతా గులాబీ రంగు. కోడలికి అదీ ముచ్చటే.

గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ బాగా ఊరుతుందట, డిప్రెషన్‌లో తగ్గిపోవచ్చట. దాని మీద పరిశోధనకని ఆస్పత్రిలో ఆమెను పడుకోబెట్టి, రాత్రంతా విడతలుగా నెత్తురు తీశారు. తెల్లారాక నర్సు “పడుకున్నారా?” అనడిగితే, “పడుకున్నానండీ” అంది. అబద్ధమేం కాదు. నర్సు నొచ్చుకుంటుందేమోనని కళ్ళు మూసుకుని కదలకుండా పడుకునే ఉంది మరి!

ఇంటికొచ్చాక కోడలు సరదాకి అడిగింది.

“కలేమైనా వచ్చిందా వదినా?”

“నిద్రొస్తే కదమ్మా కల!”

గుట్టు రట్టయింది. కోడలు వెళ్ళి డాక్టరమ్మ చెవిన వేసింది. మందులు కొంతకాలం వాడాక, ఈసారి నిద్ర పట్టిందో లేదో తెలిసేలా తలకు తీగలు కూడా అంటించి, మళ్ళీ నెత్తురు తీసి పరీక్ష చేశారు.

“అంటే జబ్బు పోయినట్టేనా?” అంది కోడలు.

“ఒక్క గీత చూసి చెప్పలేం. కోలుకున్నా కొందరికి ఇది లేవదు. మందులు ఆపకండి. నిద్ర పట్టింది, అది మాత్రం ఖాయం.”

“అయితే... బద్ధకం కాదా డాక్టరుగారూ?” అంది ఆడపడుచు.

“మొదట్నుంచీ కాదమ్మా.”

ఆడపడుచు పమిట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

బయట కాచుకుని ఉన్న తమ్ముడు సంగతంతా విని, భుజం దాకా కూడా రాని అక్కను ఎగాదిగా చూశాడు. “గ్రోత్ హార్మోనా? ఇకనైనా కాస్త పొడుగవుతావుటే అక్కా?”

“నోర్ముయ్‌రా తాటిచెట్టూ! పొడుగవ్వాల్సింది నేను కాదు, మీ కర్టెన్లు.”

పెళ్ళయ్యాక వదిన ఒకరిని దెప్పడం కోడలు వినడం ఇదే మొదలు. ఆనందంతో మొగుణ్ణి గిల్లేసింది.

“రేపు పొద్దున్నే వస్తా. అడుగున ఇంకో గుడ్డ అతుకుతా,” అంది ఆడపడుచు. “ఆ దుప్పటి తీసేసి ఉంచండి. టేపు నేనే తెచ్చుకుంటా.”