ఆరని పక్కబట్టలు

ఆ ఉదయం సౌదీలో తాయిఫ్ కొండల మీద మబ్బు దిగి ఉంది. వాన కురవలేదు, ఎండా రాలేదు. మేడ మీద తీగకు ఆరేసిన బట్టలు ముందురోజు తడితోనే వేలాడుతున్నాయి. భాగ్యలక్ష్మి మేడంగారి పిల్లల చొక్కాలు పట్టి చూసి వదిలేసింది. గోడకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య, కింద నుంచి ఎవరికీ కనపడని చోట, హవ్వా తన పక్కలో వేసుకునే పాతగుడ్డలు పరుస్తోంది.

హవ్వాది నైజీరియా. ఈ ఇంట్లో పనికి చేరి ఒక ఎండాకాలం గడిచింది. పనివాళ్లిద్దరికీ మేడ మీద ఒకటే గది. మాట్లాడుకోవడానికి ఉన్నవి ఇక్కడ నేర్చుకున్న అరబ్బీ ముక్కలే. అయినా హవ్వా బాధేమిటో భాగ్యలక్ష్మికి ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. ఇస్త్రీ గదిలో వేడికి పెదాలు పగిలినా హవ్వా నీళ్లు ముట్టదు. తాగకపోతే మూత్రం కారదని ఆమె నమ్మకం. తనూ ఒకప్పుడు అలాగే నమ్మింది. నీళ్లు మానితే కారడం ఆగదు. చిక్కబడి తొడలు మండుతాయి, వాసన ముదురుతుంది. "తాగు, తాగితేనే వాసన తగ్గుతుంది" అని గ్లాసు అందిస్తే హవ్వా ఆమె మొహంలోకి చూసింది. నీకెలా తెలుసని అడగలేదు. తన సంగతి మాత్రం చెప్పింది.

ఒళ్లు ఎదగకముందే పెళ్లి. బిడ్డ అడ్డం పడితే మొగుడు ఊళ్లో లేడు. అతని మాట లేకుండా ఆడమనిషిని ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారు? అతను వచ్చేసరికి బిడ్డ లోపలే పోయింది. ఆ తర్వాత మూత్రం ఆగలేదు. పుట్టింటివాళ్లు దొడ్లో విడిగా గుడిసె వేశారు. ఇక్కడికి వచ్చేటప్పుడు రక్తం చూశారట, ఊపిరితిత్తుల ఫోటో తీశారట, ఈ సంగతి ఎవరూ అడగలేదట. "మా ఆయన గొర్రెల మధ్యే పడుకునేవాడు. నా దగ్గర వాసన అన్నాడు" అంది హవ్వా. భాగ్యలక్ష్మికి నవ్వొచ్చింది. హవ్వా కూడా నవ్వింది.

భాగ్యలక్ష్మికి తన అత్త మాటలు ఇప్పటికీ చెవిలోనే ఉన్నాయి. "అయిదుగుర్ని ఈ గదిలోనే కన్నాను. నీకెందుకే ఆస్పత్రి సోకులు?" అంది నొప్పులు మొదలైన పూట. ఏటి మధ్య లంక దాటించడానికి పడవ పిలవడం అప్పటికి ఇంకా అయ్యే పనే. బిడ్డ తల ఎముకల మధ్య ఇరుక్కుని, నొక్కిన చోట కండ చచ్చి, మూత్రసంచికి చిల్లు పడిందని తర్వాతెప్పుడో డాక్టరమ్మ చెప్పింది. అత్తకు మాత్రం అది ఒళ్లు దగ్గర పెట్టుకోనితనం. "దేవుడి పటాలున్న ఇల్లు, మంచం అరుగు మీదెయ్యండి" అంది. మొగుడు మంచం మోసి బయట వేశాడు. అక్క వచ్చి మిషన్ ఆస్పత్రిలో చేర్చి కుట్టు వేయిస్తే ఒళ్లు పొడిబారింది. "ఇప్పుడు బాగానే ఉన్నావంట కదా, వచ్చెయ్" అని మొగుడు కబురంపాడు. వెళ్లలేదు. ఇక్కడ ఎవరడిగినా పిల్లల్లేరు అంటుంది. కన్న సంగతి, ఆ బిడ్డ పోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

భాగ్యలక్ష్మి రొట్టెల పిండి పిసుకుతుండగా మేడం వంటగదిలోకి వచ్చింది. హవ్వా అటు తిరిగి గిన్నెలు తోముతోంది.

"నువ్వు ఆ గదిలోనే పడుకుంటావు కదా. ఆమె పక్క తడుపుతోందా? నిన్న మా ఆడబిడ్డ అందరి ముందూ ముక్కు మూసుకుంది. అవునను, రేపే ఖురూజ్ ముద్ర కొట్టించి వాళ్ల దేశం పంపేస్తాను."

గిన్నెల చప్పుడు ఆగింది. తెలియదు మేడం అంటే సరిపోతుంది. అత్తగారింట్లో, ఏజెంటు దగ్గర, ఈ ఇంట్లో తనను కాపాడింది ఆ మాటే. కానీ తను తెలియదంటే మేడం వెళ్లి పరుపు ఎత్తి చూస్తుంది. హవ్వా మళ్లీ ఆ గుడిసెలో కూర్చుంటుంది.

"అది జబ్బు మేడం. కాన్పులో లోపల చిల్లు పడింది. కుడితే పోతుంది."

"నీకెలా తెలుసు?"

"నాకూ పడింది. మా దేశంలో కుట్టారు."

"నీకు పిల్లల్లేరన్నావు."

"కన్నాను మేడం. లేరు."

మేడం చూపు ఆమె మొహం మీద నుంచి పిండిలో ఉన్న చేతుల మీదకు దిగింది. ఆవిడా ముగ్గుర్ని కన్న మనిషే.

"డ్రైవర్ దావూద్‌ను బండి తియ్యమంటాను. రేపు పొద్దున ఆమెను డాక్టర్‌కి చూపించు. కుట్టొచ్చంటే ఉంటుంది" అంది చివరికి. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "ఆ పిండి పారెయ్యి. ఇక నువ్వు వంట చెయ్యొద్దు, బట్టల పని చూసుకో" అంది.

భాగ్యలక్ష్మి పిండి చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కుంది. బాధ కలుగుతుందేమోనని చూసుకుంది. కలిగింది. చెప్పిన మాట మాత్రం మళ్లీ దాచుకోవాలనిపించలేదు.

ఇంటివాళ్ల భోజనాలయ్యాక మిగిలిన అన్నం, మాంసం ఒక పళ్లెంలో పెట్టి వంటగది గుమ్మం బయట ఉంచారు. ఇద్దరూ దాన్ని మేడ మీదకు తెచ్చుకున్నారు. హవ్వా తన వంతు చిన్న గిన్నెలోకి తోడుకుని గోడవారకు జరగబోయింది. భాగ్యలక్ష్మి ఆ గిన్నె అందుకుని అన్నం తిరిగి పళ్లెంలో పోసింది. హవ్వా మోకాళ్లు మడిచి ఎదురుగా కూర్చుంది. ఎముక నుంచి మాంసం విడదీసి భాగ్యలక్ష్మి వైపు పెట్టింది. భాగ్యలక్ష్మి దాన్ని తింది. ఇద్దరూ ఆ ఒక్క పళ్లెంలోనే చివరి మెతుకుదాకా తిన్నారు.