తోడేలు కాపలా కాసిన మడుగు

ప్రభాకరరావు ఆ కథను ఏడుమార్లు తిరగరాశాడు. మూడు నెలలు పట్టింది.

మద్రాసులో బి.ఏ. చదివి, నలభై అయిదేళ్లు నిండినా పెళ్లీ కొలువూ లేకుండా, కొనకనమిట్ల దగ్గరి పల్లెలో పుస్తకాల మధ్య బతుకుతున్న మనిషి. రాసేవాడు అన్యాయం చూస్తూ ఊరుకోరాదన్న పట్టింపు మాత్రం ఆయనను వదలలేదు. అన్యాయం కళ్లెదుటే ఉంది. తాలూకా బోర్డు తవ్వించిన మంచినీళ్ల బావి చుట్టూ షావుకారు ఉమామహేశ్వర్లు ముళ్లకంచె వేయించి, ఆ నీళ్లను తన మిరపతోటకు తోడించుకుంటున్నాడు. క్రైస్తవపాలెం ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచిపోయి వాగు ఇసుకలో చెలమలు తవ్వుకుంటున్నారు.

అయితే ప్రభాకరరావు ఉంటున్న ఇల్లు షావుకారుదే. అందుచేత కథలో షావుకారు తోడేలయ్యాడు, పాలెం గొర్రెలమంద అయింది, బావి మడుగయింది. మద్రాసు వారపత్రిక ఒకటి దాన్ని అచ్చువేసింది.

మొట్టమొదట మెచ్చుకున్నవాడు షావుకారే.

"పంతులుగారూ, భలే రాసినారు! ఆ తోడేలు అచ్చం మన ఫారెస్టు గార్డే గదా! మేకను అడివిలో కాలు పెట్టనీడు, చెయ్యి తడపందే కదలడు. కడుపు చల్లబడిందనుకోండి. పది కాపీలు తెప్పించండి, దుకాణంలో పెడతా."

మరునాడు వీశె ఎండుమిరపకాయలు పంపించాడు. ఆ బావినీళ్లతో పండినవే.

ఆదివారం ఆరాధన ముగిశాక, ప్రభాకరరావు పాలెం చర్చిలో కథను తానే చదివి వినిపించాడు. గొర్రెల మాట వచ్చినప్పుడల్లా ముఖాలు వెలిగాయి. చదవడం ఆపగానే అందరూ "ఆమెన్" అన్నారు. ఆడవాళ్లు లేచి, ప్రసంగం చేసిన దైవజనునికి పోసినట్టే ఆయన ముందు తలా ఒక పిడికెడు జొన్నలు పోశారు.

"గొర్రెపిల్లలమని ఎంత బాగా చెప్తివి నాయనా!" అంది ముసలి ఎలీషబా. "కాపరి వచ్చేదాకా ఓర్చుకుంటాంలే."

"ఓర్చుకోమని కాదత్తా!" ఆయన కేకపెట్టాడు. "ఆ తోడేలు ఎవరనుకున్నావు?"

"సైతానే గదా. ఇంకెవరు?"

"ఉమామహేశ్వర్లు! ఆ మడుగు మన బావి!"



"అట్లయితే అట్లనే రాయకపోతివా?" అంది ఎలీషబా. "వానికి నాలుగు కాళ్లూ తోకా ఎందుకు తగిలిస్తివి? మా పేర్లు పెట్టి రాస్తే మేం వేలిముద్రలేస్తాం. గొర్రెలేస్తాయా ఏంది?" గొంతు తగ్గించి అడిగింది. "నువ్వుండే ఇల్లు ఎవరిది నాయనా?"

ఆయన ఆరాధన బల్ల మీదనే కాగితం పరచి, జిల్లా కలెక్టరుగారికి అర్జీ మొదలుపెట్టాడు. బావి ఎవరిదో, కంచె ఎవరిదో, నీళ్లు ఎటు పోతున్నాయో రాశాడు. ఒక్క ఉపమానం లేదు. అరగంట కూడా పట్టలేదు. అదే ఆయనకు మింగుడు పడలేదు.

ముప్ఫైఒక్క వేలిముద్రల కింద సంతకం చేసి, ఇంటికి పోయి, పుస్తకాలు మూటగట్టుకోవడం మొదలుపెట్టాడు.