జూనిపర్ తిరగని మలుపు

మాంటానా గడ్డిమైదానంలో పందెం కోసం మూడు డ్రమ్ముల చుట్టూ వేగంగా తిరిగి రావడం తన గుర్రం జూనిపర్‌కు నేర్పింది వెర్నా. కంచె లేనిచోట గుర్రాన్ని తిప్పేది రౌతు నడుమూ చెయ్యీ మాత్రమే. అందుకు మూడేళ్ళు పట్టింది. ఆ తరువాత వెర్నా మోకాలు విరగడంతో గుర్రం ఆమె చెల్లెలు కోరీ చేతికి వెళ్ళింది. కోరీ దాన్ని చలికాలమంతా పట్నంలో ఒక శిక్షకుడి దగ్గర, కంచె కట్టిన బరిలో ఉంచింది.

గుర్రం తిరిగొచ్చిన రోజు వెర్నా కుంటుకుంటూ మైదానం దాకా నడిచింది. తను నేర్పింది దానికింకా గుర్తుందో లేదో చూసుకోవాలి.

"వేగం చూడక్కా, ఎంత పెరిగిందో," అని కోరీ గుర్రమెక్కి దాన్ని పరుగెత్తించింది.

రెండు డ్రమ్ములూ చక్కగానే తిరిగింది. మూడోదాని వెనక బరిలో అయితే కంచె ఉండేది. ఇక్కడ లేదు. కోరీ కళ్ళెం లాగుతున్నా జూనిపర్ తిరగకుండా నేరుగా దూరాన ఉన్న గుట్ట దాకా పోయి, అక్కడ ఆయాసంతో నిలబడింది.

"కంచె కనపడితేగాని తిరగట్లేదే," అంది వెర్నా, వాళ్ళు తిరిగొచ్చాక. "కొన్నాళ్ళు నాకు వదిలెయ్. పగ్గం పట్టుకుని నెమ్మదిగా నడిపిస్తా."

"ఆ కాలితోనా? నీ మోకాలి కోసం పోటీలు ఆగవక్కా. ఇక్కడా కంచె వేయించేద్దామన్నాడు నాన్న."

శనివారం తండ్రి కంచె స్తంభాలు తెచ్చి దించాడు. "ఊరికే కూర్చున్నావుగా, ఈ తాడు కొస పట్టుకో. వరస వంకర పోకూడదు," అన్నాడు వెర్నాతో.

వెర్నా పట్టుకుంది.