వేలు కడిగిన నీళ్లు

గుడ్డ మీద తెల్లపొడి చల్లి, రెండు చుక్కల నీళ్లు వేసి, కలమంత ఎలక్ట్రోడ్‌ని బోర్లించి ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుతున్నాడు బాబాయి. ఈ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లుగా ఆయన పని ఇదే. మొన నల్లటి అద్దంలా మెరిసేదాకా అరగదీసి, అంచులు వేలితో తడిమి చూస్తాడు. చేతికి తొడుగు మాత్రం వేసుకోడు. "తొడుగేస్తే వేలికి కళ్లుండవు" అంటాడు. ఈ రోజుతో ఆయనకి ఉద్యోగ విరమణ.

ఆ మొనకి పరిశోధన చేసే అమ్మాయి బంగారు రేణువులు కలిపిన కార్బన్ పూత పూస్తుంది. ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడే గ్లూటథయోన్ రవ్వంత ఉన్నా ఆ పూత పసిగట్టాలి. పసిగడుతోంది కూడా. చిక్కల్లా, పదిహేను రోజులుగా ఉత్త ఉప్పునీళ్లలోనూ ఏదో పసిగట్టినట్టు కంప్యూటర్ తెర మీద గీత లేస్తోంది. సాయంత్రంలోగా కారణం తేలకపోతే గురువుగారు ఆ పూతనే పక్కన పెట్టేస్తారు. రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"పొద్దున బానే ఉంటుంది బాబాయ్. భోజనాలయ్యాకే వస్తోంది. దీనికీ ఆకలేమో!" అని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

ఆ మాట బాబాయికి పట్టుకుంది. భోజనం చేసొచ్చి ఉత్త చేత్తో ఎలక్ట్రోడ్‌ని ముట్టేది తనొక్కడే. కొత్తగా ఏం తింటున్నాడు? పదిహేను రోజులుగా కూతురు డబ్బాలో నారింజపండు పెడుతోంది. వేలు వాసన చూసుకున్నాడు. మధ్యాహ్నం ఒలిచిన నారింజ వాసన ఇంకా పోలేదు. ఏనాడూ మాట పడని చెయ్యి! నోరు మెదపకుండా వెళ్లిపోతే అడిగేవాడు లేడు.

"అమ్మాయ్, కొత్త సీసాలో మంచి ఉప్పునీళ్లియ్యి" అని, అందులో వేలు ముంచాడు. "నారింజ ఒలిచిన వేలిది. ఇప్పుడు చూడు."

ఆమె ఆ నీళ్లలో ఎలక్ట్రోడ్ ముంచగానే గీత నిటారుగా లేచింది.

"ఇది నారింజలోని సి విటమిన్!" ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. "గ్లూటథయోన్ గీత అక్కడ, ఇది కాస్త ఎడమకి. మన పూతకి రెండూ విడివిడిగా తెలుస్తున్నాయి బాబాయ్!"

"ఇన్నాళ్ల దొంగని నేనేనమ్మా." సిగ్గుతో ఆయన మొహం చిన్నబోయింది. కళ్లు మాత్రం తెరని వదల్లేదు. ముప్పై ఏళ్లు అద్దాలు మెరిపించాడే గాని, వాటిలో ఏం కనబడుతుందో చూడడం ఇదే మొదలు. "ఇంకోసారి ఆ గీత వెయ్యి" అని బతిమాలి, మూడుసార్లు వేయించుకున్నాడు.

గురువుగారికి కూడా తనే చెప్పాడు. ఆయన కాగితాల మీద గీతలు మార్చి మార్చి చూసి, పని సాగించమన్నారు. ఆమె ఆ సంతోషంలో ఉండగానే బాబాయి సబ్బుతో చేతులు రుద్ది కడుక్కుని, ఎవరి చేతా వీడ్కోలు చెప్పించుకోకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె నమూనాల కోసం ఫ్రిజ్ తెరిచింది. వరుస చివర మూత బిగించిన చిన్న సీసా ఒకటి, నిన్నటి ఉప్పునీళ్లది, ఉంది, దాని మీద అంటించిన చీటీలో బాబాయి వంకర అక్షరాలు: "నా వేలు. పారబోయకండి."