ఎడమచేతి కత్తెర

మా ఆయన పోయిన నెలకి దర్జీ కొట్టు తలుపు మీద కాగితం అతికించారు. నేను అక్షరాలు నేర్చి అప్పటికి ఏడాదే. కూడబలుక్కుని చదివాను. కటింగ్ మాస్టర్ కావలెను, మగవారు మాత్రమే. చదవడం రాకపోతేనే బాగుండేదనిపించింది.

ఆ కొట్లో ఆయన ఇరవై ఏళ్లు మాస్టరు. చివరి తొమ్మిదేళ్లూ చేతులు వణికాయి. కొట్లో కొలతలు తీసుకుని, గుడ్డలు మూటగట్టి ఇంటికి తెచ్చేవారు. వంట ముగించి, నేల మీద పరిచి నేను కత్తిరించేదాన్ని. ఇంట్లో అయితే తన చెయ్యి బాగా నడుస్తుందని ఆయన అందరితో చెప్పేవారు. నేనూ తలూపేదాన్ని. కొట్లోవాళ్లకి నేను కాజాలు కుట్టే ఆవిడనే.

ఉద్యోగం మా మరిదికి ఇచ్చారు. అన్న కత్తెర తనకే చెందుతుందని ఇంటికొచ్చి పట్టుకెళ్లాడు. నేను అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పడానికీ ఓపిక కావాలి.

వారం తిరక్కుండా మూడు కోటు గుడ్డలు పాడయ్యాయి. కత్తెర మొద్దుబారిందని రెండుసార్లు సాన పట్టించాడట. అయినా గుడ్డ తెగకుండా కత్తెర నోట్లో మడతపడుతోంది. నేను కాజాల మూట ఇవ్వడానికి వెళ్లేసరికి యజమాని అతణ్ణి దులిపేస్తున్నాడు.

మూట దించి, ఎడమచేత్తో కత్తెర అందుకున్నాను. పాడైన కోటు గుడ్డ మీద సుద్దగీత వెంట నడిపాను. చప్పుడైనా లేకుండా తెగింది.

"దీనికి సాన అక్కర్లేదండీ. ఎడమచేతి వాటం కత్తెర. నా కోసం ఆయన చేయించారు."

"అన్నయ్యది కుడిచేతి వాటం కదా వదినా," అంటూనే మరిది నా ఎడమచేతి వంక చూశాడు.

యజమాని గొంతు తగ్గించాడు. గుడ్డలు మునుపట్లాగే ఇంటికి పంపుతాడట, కొట్లో కత్తిరించే బల్ల దగ్గర మరిది నిలబడతాడట, నలుగురికీ తెలియనక్కర్లేదట.

"తొమ్మిదేళ్లు నేల మీద వంగాను. నడుం పడిపోయింది. ఇక బల్ల మీదే కత్తిరిస్తాను."

"ఆడమనిషి కత్తిరించిన కోటు ఎవరు తొడుక్కుంటారమ్మా?"

"మీరు తొడుక్కున్నారుగా."

యజమాని తన ఒంటి మీది కోటు వంక చూసుకున్నాడు. లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

గెలిచినట్టేమీ అనిపించలేదు. ఆ బల్ల మగవాళ్ల ఎత్తుకి చేసింది, నా రొమ్ముదాకా వచ్చింది. మరిదిని పీట తెమ్మన్నాను. తెచ్చి, ఇక తను కాజాలు కుట్టుకోవాలా అని గొణిగాడు. నేర్చుకుంటే అవే వస్తాయిలే అన్నాను.

పీట ఎక్కి, ఆ మూడు కోట్లలో ఏది దక్కుతుందో చూడటం మొదలుపెట్టాను.