కాలవ అవతలి గట్టు

బందరులో నేను పనిచేసిన పోలీస్ స్టేషన్‌కి కొత్త భవనం వచ్చింది. ప్రారంభోత్సవం నాడు గోడకి తగిలించడానికి స్టేషన్ చరిత్ర రాసిపెట్టమని ఎస్సై శ్రీలలిత గారు అడిగారు. పద్దెనిమిదేళ్లు అక్కడ రైటర్‌గా చేసి రిటైరైనవాణ్ని. ఫిర్యాదు రాసుకునేదీ, డైరీ నింపేదీ, ఎవరి డ్యూటీ ఎక్కడో వేసేదీ రైటరే. ఎస్సైలు వస్తారు, పోతారు. స్టేషన్ నడిచేది రైటర్ కలం మీద. ఈ మాట గర్వంగానే చెప్పుకునేవాణ్ని.

పెంకుటింటి రోజుల నుంచి మొదలుపెట్టాను. ఒక హెడ్డు, నలుగురు కానిస్టేబుళ్లు, రెండు సైకిళ్లు. ఊరు పెరిగాక స్టేషన్‌ని రెండు చేశారు. కాలవకి ఇటు మాది, అటు వాళ్లది. సరిచూసుకుందామని పాత బీరువాలోంచి విభజన ఉత్తర్వు తీయించాను. చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. సరిహద్దు కాలవ నడిమధ్య కాదు, అవతలి గట్టు. వంతెన మొత్తం, అటు మెట్లతో సహా, మాదే.

నడిమధ్య గీత గీసింది నేనే. రైటర్‌గా చేరిన ఏడాదే ఉత్తర్వు చూడకుండా, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, అందరూ అనుకునేదాన్ని బట్టి మ్యాపు గీసి బల్ల అద్దం కింద పెట్టాను. అప్పట్నుంచి అదే వేదం.

ఎనిమిదేళ్ల కిందట ఓ మధ్యాహ్నం గిలకలదిండి నుంచి గంగాదేవి పరుగెత్తుకొచ్చింది. మొగుడు తాతారావు వలలు బాగుచేసేవాడు. ఇంట్లో గొడవపడి, చస్తానని పురుగుమందు డబ్బాతో పోయాడు. ఎక్కడ చూశారంటే వంతెన మీద అంది. ఏ కొసన అని అడిగాను. అవతలి మెట్ల దగ్గర అంది. మా లిమిట్స్ కాదు, అవతలి స్టేషన్‌కి వెళ్లమన్నాను. వంతెన తమది కాదని వాళ్లు తిప్పి పంపారు. ఆమె రెండోసారి మా గుమ్మం ఎక్కేలోపు తాతారావు మెట్ల పక్క తుప్పల్లో ప్రాణం వదిలాడు. రూలు ప్రకారమే చేశానని ఇన్నేళ్లూ హాయిగా నిద్రపోయాను.

శ్రీలలిత గారికి చెబితే, చరిత్రకి ఇదంతా ఎందుకు బాబాయ్ గారూ, వదిలేయండి అన్నారు. వదిలేయొచ్చు కూడా. సిగ్గేసింది, భయమూ వేసింది. అయినా మర్నాడు గిలకలదిండి వెళ్లాను.

గంగాదేవి రేవులో చేపలు ఎండబెడుతోంది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె అడిగింది ఇదొక్కటే.

"అయితే ఇటేపని చెప్పినా అటేపని చెప్పినా ఒకటేనాండి?"

"ఒకటేనమ్మా. ఏం చెప్పినా మేమే వెళ్లాలి."

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. "ఇటేపని అబద్ధమాడుంటే నాన్న బతికేవోడని మా పుష్పావతి నాతో మాటలు మానేసిందండి. అత్తారింటికెళ్లి ఆరేళ్లు, మళ్లీ నా గడప తొక్కలేదు. నేనూ అదే అనుకుంటన్నా."

నా సంగతి ఒక్క ముక్క అడగలేదు. క్షమించమని అడుగుదామని వెళ్లిన నా మీద నాకే రోత పుట్టింది.

కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ మాట కాయితం మీద రాసి సంతకం పెట్టండి. మా పిల్లకి చూపించాలి," అంది.

అలాంటి కాగితం ఎక్కడిదాకా పోతుందో నాకన్నా ఎవరికి తెలుసు? పింఛనుకే ఎసరు పెట్టొచ్చు. జేబులోంచి పెన్ను తీశాను. మ్యాపు తప్పు గీసింది నేను, తప్పు గంగాదేవిది కాదు అని రాసి, పాండురంగ అని సంతకం చేసి, చదివి వినిపించాను.

తప్పు గంగాదేవిది కాదు అన్నచోట ఆపి, ఆ ముక్క మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది.